దారం తెగిన బుడగ, దారిలో విమానం

మా తమ్ముడి కూతురు పక్క రాష్ట్రంలో పైలట్ శిక్షణ తీసుకుంటోంది. పోయిన మాఘమాసంలో ఒకరోజు సెస్నా 172 అనే చిన్న విమానంలో, ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి మా తిరుపతి పక్కనున్న రేణిగుంట విమానాశ్రయానికి వచ్చింది. ఒక ఊళ్లో బయలుదేరి ఇంకో ఊళ్లో దిగి, మళ్లీ వెనక్కి వెళ్లే ఇలాంటి శిక్షణ ప్రయాణాన్ని వాళ్లు క్రాస్ కంట్రీ అంటారు. నగరి ముక్కు కొండ ఎడమ రెక్క కింద వెనక్కి జారిపోయింది. ముందు పుత్తూరు, ఇంకా దూరంగా పొగమంచులో శేషాచలం అంచు. ఎత్తు 4,500 అడుగులు.

అప్పుడు ముందు అద్దంలో ఒక చుక్క కనిపించిందట. పురుగేదో అద్దానికి అంటుకుందనుకుంది. ఆ చుక్క పక్కకు జరగలేదు, పైకీ పోలేదు, కిందికీ దిగలేదు. ఉన్నచోటే ఉండి ఉన్నట్టుండి పెద్దదైపోయింది. ఎర్రగా, తళతళలాడుతూ, హృదయం ఆకారంలో ఉన్న ఫాయిల్ బెలూన్. కింద వేలాడుతున్న రిబ్బన్‌తో సహా కుడి రెక్క చివరకు కాస్త అవతలగా వెళ్లిపోయింది. "చెయ్యి కదిలించేలోపే అంతా అయిపోయింది పెదనాన్నా" అంది ఆ సాయంత్రం మా మిద్దె మీద కూర్చుని. "ఇక నేను నడుపుతా అన్న అర్థంలో ఐ హ్యావ్ కంట్రోల్ అని సార్ అనేసరికే అది మా వెనకాల ఉంది."

మా అమ్మకు గుండె దడ తగ్గలేదు. "అది తగిలుంటే ఏమయ్యేది తల్లీ?" అని అడిగిందే మళ్లీ అడిగింది. మా తమ్ముడేమో, "బుడగే కదమ్మా, టప్‌మని పగిలిపోతుంది" అని తేల్చేశాడు. ఈ రెండు మాటల్లో ఏదీ పూర్తి నిజం కాదని నాకు తర్వాత తెలిసింది. బుడగ తగిలితే విమానం కూలిపోతుందన్న భయం చాలా సందర్భాల్లో అక్కర్లేదు. అలాగని బుడగే కదా అని కొట్టిపారేయడం అంతకంటే పెద్ద పొరపాటు. ఏ బుడగ, ఎంత బరువు, దానికి ఏం కట్టి ఉంది, విమానం ఎంత ఎత్తులో ఏం చేస్తుండగా ఎదురైంది అన్నవి కలిపి చూస్తే తప్ప ప్రమాదమెంతో చెప్పలేం. నెల రోజులు దాని వెంటపడి, ఆ అమ్మాయిని ఫోన్‌లో విసిగించి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, పిల్లలు ఆడుకునే బుడగ అంత ఎత్తుకు ఎలా చేరుతుంది?

గోవిందరాజస్వామి గుడి వీధిలోనో, గంగమ్మ జాతరలోనో గ్యాస్ బెలూన్లు అమ్మేవాళ్ల దగ్గర ఐదు నిమిషాలు నిలబడి చూడండి. సిలిండర్ మూతికి బుడగను తగిలించి, తిప్పి, ఉబ్బగానే మూతి మెలిపెట్టి, ఒక్క ముడితో దారం కడతారు. ఆ ముడి వేయడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. అడ్డంగా 28 సెంటీమీటర్లుండే మామూలు రబ్బరు బుడగలో దాదాపు 12 లీటర్ల గ్యాస్ పడుతుంది. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు, లీటరు హీలియం బరువు 0.2 గ్రాము కూడా ఉండదు. అంటే లీటరుకు ఒక గ్రాము చొప్పున ఆ బుడగ 12 గ్రాములు మోయగలదు. రబ్బరు మూడు గ్రాములు, దారం ఒకటో రెండో గ్రాములు పోగా మిగిలిన బలమంతా పైకి లాగడానికే. పిల్లవాడి చేతి నుంచి జారిన బుడగ సెకనుకు రెండు మీటర్లు అటూఇటుగా ఎక్కుతుంది. ఆ లెక్కన తిరుపతి వీధిలో వదిలిన బుడగ 4,500 అడుగులు చేరడానికి పది పన్నెండు నిమిషాలు చాలు. పిల్లవాడి ఏడుపు ఆగేలోపు అది విమానాలు తిరిగే ఎత్తులో ఉంటుంది.

(ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. హీలియం ఖరీదెక్కువ. అందుకని వీధుల్లో చాలామంది అల్యూమినియం ముక్కలు, కాస్టిక్ సోడా కలిపి సిలిండర్‌లోనే హైడ్రోజన్ పుట్టిస్తారు. అలాంటి సిలిండర్లు పేలి మన దేశంలో ప్రాణాలు పోయాయి. పైన విమానానికి వచ్చే ముప్పు కంటే కింద ఆ సిలిండర్ పక్కన నిలబడిన పిల్లలకున్న ముప్పే ఎక్కువ.)

రబ్బరు బుడగకూ ఫాయిల్ బుడగకూ పైకి వెళ్లాక నడవడిలో తేడా ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గ్యాస్ వ్యాకోచిస్తుంది. రబ్బరు సాగుతుంది కాబట్టి బుడగ ఉబ్బుకుంటూ పోయి, కొన్ని కిలోమీటర్ల ఎత్తులో ఇక సాగలేక పగిలిపోతుంది. ఫాయిల్ సాగదు. అది పలచని ప్లాస్టిక్ మీద అల్యూమినియం పూత. నిండుగా నింపితే కొంత ఎత్తుకెళ్లాక అతుకు విడిపోయి దిగజారుతుంది. కాస్త తక్కువగా నింపి ఉంటే మాత్రం ఒక ఎత్తులో దాన్ని పైకి లేపే బలమూ దాని బరువూ సరిసమానమై, ఎక్కకుండా దిగకుండా గాలితోపాటు కొట్టుకుపోతుంది. గ్యాస్ కూడా రబ్బరులోంచి కారినంత త్వరగా దీనిలోంచి కారదు. అంటే పుట్టినరోజు ముగిసి, కేక్ తిని అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక కూడా ఆ బుడగ ఆకాశంలోనే ఉండొచ్చు. మా అమ్మాయికి ఎదురైంది ఈ రకమే.

ఇక కనిపించడం సంగతి. నన్ను బాగా ఆలోచనలో పడేసింది ఇదే.

రోడ్డు మీద ఎదురొచ్చే బండిని మనం కదలికను బట్టి గుర్తిస్తాం. పక్క సందులోంచి వచ్చే మోటార్ సైకిల్ మన కంటికి అటు నుంచి ఇటు జరుగుతున్నట్టు కనిపిస్తే, అది మన ముందో వెనకో దాటిపోతుంది. అది కదలకుండా ఒకేచోట ఉన్నట్టు కనిపిస్తూ పెద్దదవుతోందంటే, సరిగ్గా మనల్ని గుద్దే దారిలో ఉందన్నమాట. ఆకాశంలోనూ ఇదే సూత్రం. ఢీకొనబోయే వస్తువు అద్దంలో కదలదు. కదలని చుక్కను మన కన్ను పట్టించుకోదు. మా అమ్మాయి దాన్ని పురుగనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

45 సెంటీమీటర్ల బుడగ, ఆరోగ్యంగా ఉన్న కంటికి, సిద్ధాంతం ప్రకారం కిలోమీటరున్నర దూరం నుంచి చుక్కలా కనిపించాలి. మంచు, ఎండ, అద్దం మీది మరకలు, మధ్యమధ్యలో విమానంలోని వేగం, ఎత్తు చూపే మీటర్లు చూసుకునే పని, ఇవన్నీ లెక్కేస్తే మూడు నాలుగు వందల మీటర్లలో కనిపించడమే అదృష్టం. గంటకు 200 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 55 మీటర్లు. 300 మీటర్ల దూరం అయిదున్నర సెకన్లలో కరిగిపోతుంది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ పైలట్ల కోసం ఒక లెక్క ఇచ్చింది. వస్తువును చూసి, అదేంటో పోల్చుకుని, ఢీకొంటామని గ్రహించి, ఎటు తిప్పాలో నిర్ణయించి, చేయి కదిలి, విమానం స్పందించే వరకు మొత్తం 12.5 సెకన్లు. అందులో ఢీకొంటామని గ్రహించడానికే అయిదు సెకన్లు, ఎటు తిప్పాలన్న నిర్ణయానికి నాలుగు. చేతిలో ఉన్నది అయిదున్నర, కావలసింది పన్నెండున్నర. చూసి తప్పించుకోవడమనే పద్ధతి ఎదురొచ్చే విమానం మీద పనిచేసినట్టు బుడగ మీద పనిచేయకపోవడానికి కారణం ఇదే.

యంత్రాలు కూడా ఆదుకోవు. విమానాలు ఒకదానికొకటి దగ్గరైతే హెచ్చరించే పరికరం, అవతలి విమానంలోని ట్రాన్స్‌పాండర్, అంటే రేడియో సంకేతానికి తనంతట తానే బదులిచ్చే పరికరం, ఇచ్చే జవాబు మీద ఆధారపడుతుంది. బుడగకు ట్రాన్స్‌పాండర్ లేదు. రబ్బరు రాడార్‌కు దాదాపు కనిపించదు. ఫాయిల్ కొంత కనిపించినా, పక్షుల గుంపులను వడగట్టినట్టే దాన్నీ వడగట్టేస్తారు.

ఇంకో భ్రమ కూడా ఉంది. "అది గాలికి ఎదురుగా దూసుకొచ్చింది, కచ్చితంగా డ్రోనే" అని చెప్పిన పైలట్లు చాలా దేశాల్లో ఉన్నారు. నిజానికి బుడగ ఎటూ దూసుకురాదు. స్వర్ణముఖిలో నిండుగా నీళ్లు పారుతున్నాయనుకోండి, అందులో తెప్ప మీద మనం వెళ్తున్నామనుకోండి. నీటి మీద తేలే ఆకును ప్రవాహం మోసుకుపోతుంది, మన తెప్పనూ అదే ప్రవాహం మోస్తుంది. ఆకు దగ్గరికి మనం ఎంత త్వరగా చేరతామన్నది మనం తెడ్డు వేసే వేగాన్ని బట్టే తప్ప ప్రవాహాన్ని బట్టి కాదు. విమానం, బుడగ కూడా ఒకే గాలిలో ఉన్నాయి. ఈదురుగాలి ఎంతున్నా వాటి మధ్య దూరం తగ్గేది విమానం సొంత వేగంతోనే. పైగా ఖాళీ ఆకాశంలో కొలతకు ఆధారం ఉండదు. 200 మీటర్ల దూరంలో ఉన్న 45 సెంటీమీటర్ల బుడగా, రెండు కిలోమీటర్ల అవతల ఉన్న నాలుగున్నర మీటర్ల వస్తువూ కంటికి ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. తిరుమల కొండ మీద డ్రోన్లు నిషేధం కాబట్టి ఆ దిక్కున ఏదైనా మెరిస్తే కింద మనం కూడా ముందు డ్రోన్ అనే అనుకుంటాం. అన్నిసార్లూ అది డ్రోనే కానక్కర్లేదు.

సరే, తగిలిందనుకుందాం. అప్పుడేమవుతుంది?

సెస్నా ప్రొపెల్లర్ నిమిషానికి 2,400 సార్లు తిరిగేటప్పుడు దాని కొస గంటకు 850 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో కోస్తుంటుంది. పిల్లల బుడగ దానికి చిక్కితే పేలికలైపోతుంది. రెక్కకు తగిలినా సొట్ట పడదు. మా తమ్ముడు చెప్పింది ఇక్కడివరకు నిజం. పేచీ అంతా బుడగతోపాటు వచ్చే వాటితోనే. రిబ్బన్ ప్రొపెల్లర్ మొదలు చుట్టూ చుట్టుకోవచ్చు. ఫాయిల్ ముక్క ఇంజిన్‌కు గాలి వెళ్లే దారికి అడ్డంగా అతుక్కోవచ్చు. సెస్నా ఎడమ రెక్క కింద వేలెడంత గొట్టం ఒకటి ముందుకు చూస్తూ ఉంటుంది, దాన్ని పిటాట్ ట్యూబ్ అంటారు. అందులోకి దూరే గాలి ఒత్తిడిని బట్టే వేగం చూపించే ముల్లు కదులుతుంది. చిన్న ఫాయిల్ పీలిక దాని మూతికి పడితే పైలట్‌కు కనిపించే వేగం అబద్ధమైపోతుంది. ఇవన్నీ అరుదు. అయినా ఒకే ఇంజిన్ ఉన్న విమానంలో కూర్చున్నవాళ్లు అరుదులే అని ఊరుకోలేరు. బుడగ తగిలిందన్న అనుమానం వస్తే దగ్గర్లో దిగి చూసుకోవాలని వాళ్లకు నేర్పుతారు.

బరువు పెరిగితే కథ మారుతుంది. వాతావరణ బుడగ కింద వేలాడే పరికరాన్ని రేడియోసోండ్ అంటారు. ఈ కాలపు రకాలు వంద గ్రాముల దరిదాపుల్లో ఉంటాయి. సెస్నా వేగంతో అది అద్దానికి తగిలితే పడే దెబ్బ, గంటకు 145 కిలోమీటర్ల వేగంతో ఫాస్ట్ బౌలర్ వేసిన క్రికెట్ బంతి దెబ్బ కంటే కాస్త ఎక్కువ. గద్ద తగిలితే ఆ దెబ్బ ఇంకా ఆరేడు రెట్లు. పెద్ద ప్రయాణికుల విమానాల ముందు అద్దం, నాలుగు పౌండ్ల పక్షి తగిలినా తట్టుకోవాలన్న పరీక్ష నెగ్గాలి. సెస్నా 172 లాంటి చిన్న విమానాల అద్దం యాక్రిలిక్ ప్లాస్టిక్, దానికి అలాంటి పక్షి పరీక్ష ఏదీ లేదు. వాటికి రక్షణ వాటి నిదానమే. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది కదా.

పెద్ద విమానానికి ఈ లెక్క ఎలా తిరగబడుతుందో 2025 అక్టోబరు 16న చూశాం. డెన్వర్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తున్న యునైటెడ్ సంస్థ బోయింగ్ 737 మ్యాక్స్ విమానం యూటా రాష్ట్రం మీద 36,000 అడుగుల ఎత్తులో ఉండగా ముందు అద్దానికి ఏదో తగిలింది. అద్దం పగుళ్లిచ్చి, లోపలివైపు నుంచి గాజు రవ్వలు రాలి పైలట్‌కు గాట్లు పడ్డాయి. విమానం సాల్ట్ లేక్ సిటీలో క్షేమంగా దిగింది. మొదట అంతరిక్షం నుంచి పడిన శకలమని ప్రచారం జరిగింది. తీరా చూస్తే అది విండ్‌బోర్న్ అనే సంస్థ వాతావరణ సమాచారం కోసం వదిలిన బుడగ. మొత్తం బరువు 2.4 పౌండ్లు, అంటే కిలో మీద వంద గ్రాములు. నాలుగు పౌండ్ల పక్షికి తట్టుకునే అద్దం, అందులో సగానికి కాస్త ఎక్కువ బరువున్న వస్తువుకు లోపల రవ్వలు రాల్చింది. పక్షి మెత్తగా ఉంటుంది, దెబ్బ దాని శరీరమంతా పరుచుకుంటుంది. గట్టి వస్తువు తన బరువంతా అరచేయంత చోటులో దించుతుంది. ఆ తర్వాత ఆ సంస్థ, విమానాలు ఎక్కువగా ఎగిరే 30,000 నుంచి 40,000 అడుగుల మధ్య తమ బుడగలు గడిపే సమయాన్ని తగ్గిస్తామని ప్రకటించింది.

ఇక్కడే మన గాదంకి గురించి చెప్పాలి. చాలామంది తిరుపతి వాళ్లకు కూడా దాని విలువ తెలియదని నా బాధ. చిత్తూరు రోడ్డులో, పాకాల మండలంలో ఉన్న గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1992లో పై వాతావరణాన్ని గమనించే ఎంఎస్‌టీ రాడార్ కేంద్రంగా మొదలై, 2005లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. అక్కడి నుంచి సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో రేడియోసోండ్ కట్టిన బుడగను వదులుతుంటారు. ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోటలో కూడా రాకెట్ ఎగిరే ముందు పైగాలుల వేగం తెలుసుకోవడానికి బుడగలు వదులుతారు. ప్రపంచమంతటా వందల కేంద్రాలు రోజుకు రెండుసార్లు, మన గడియారం ప్రకారం ఉదయం అయిదున్నరకూ సాయంత్రం అయిదున్నరకూ సరిపోయేలా, ఒకేసారి బుడగలు వదులుతాయి. రేపు వాన పడుతుందా లేదా అని మనం ఫోన్‌లో చూసుకునే సమాచారానికి పునాదుల్లో అదొకటి.

దామలచెరువు దగ్గర మా స్నేహితుడి మామిడి తోపులో ఒకసారి అలాంటిది కొమ్మకు వేలాడింది. కాపలా ఉండే పెద్దాయన భయపడి దగ్గరికి వెళ్లలేదు. నేను వెళ్లి చేతిలోకి తీసుకున్నాను. అరచేతిలో పట్టే తెల్లటి పెట్టె. పక్కనుంచి నాలుకలా బయటికి వంగిన సన్నటి వెండిరంగు పట్టీ, అదే ఉష్ణోగ్రతా తేమా కొలిచేది. దానికి కట్టిన దారం తోతాపురి చెట్టు మీద నుంచి పక్క సాలు దాకా చిక్కుపడి ఉంది, ఎంత లాగినా వస్తూనే ఉంది. ఆ చివర పాలమీగడలా చిరిగిన రబ్బరు పేలికలు. అంత ఎత్తు వెళ్లి, అంత చలి చూసి వచ్చిన వస్తువు ఇంత తేలిగ్గా ఉండటం నాకు వింతగా అనిపించింది. పెట్టె కంటే ఆ దారమే ప్రొపెల్లర్‌కు ఇబ్బంది అని మాత్రం అప్పుడు తోచలేదు.

మరి ఇన్ని బుడగలు రోజూ లేస్తుంటే విమానాలకు తగలవా? తగలకపోవడానికి మొదటి కారణం, అవి ఎప్పుడు ఎక్కడ లేస్తాయో ముందే తెలుసు. రెండోది వాటి వేగం. సెకనుకు అయిదు మీటర్ల చొప్పున ఎక్కే బుడగ ఇరవై నిమిషాల్లో ఆరు కిలోమీటర్ల ఎత్తు దాటుతుంది, చిన్న విమానాలు తిరిగే ఎత్తును అయిదారు నిమిషాల్లోనే దాటేసి ఉంటుంది. రెండు గంటలలోపే 30 కిలోమీటర్ల పైకి చేరి పగులుతుంది. మన ప్రాంతంలో గాలి కూడా ఒక చక్కటి పని చేస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో కింది గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి బుడగ మొదట తూర్పుకు, అంటే తిరుపతి దిక్కుకు సాగుతుంది. గాలి సెకనుకు పది మీటర్లు వీచినా ఆ ఇరవై నిమిషాల్లో పన్నెండు కిలోమీటర్లే జరుగుతుంది. రేణిగుంట నలభై కిలోమీటర్ల పైన ఉంది. ఇంకా పైకి వెళ్లాక గాలి దిశ పూర్తిగా మారిపోతుంది. ఆ నెలల్లో దక్షిణ భారతం మీద పదిహేను, పదహారు కిలోమీటర్ల ఎత్తులో తూర్పు నుంచి పడమటికి ఉధృతమైన గాలి ప్రవాహం ఉంటుంది. తూర్పుకు బయలుదేరిన బుడగను అది వెనక్కి తిప్పి పడమటికి మోసుకుపోతుంది. గాదంకిలో చేసిన పరిశోధనల్లో ఈ గాలి మీద చేసినవి ముఖ్యమైనవి.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనలు మనిషి లేని బుడగలను బరువును బట్టి మూడు రకాలు చేశాయి. మోసే సరుకు నాలుగు కిలోల లోపైతే తేలికవి, నాలుగు నుంచి ఆరు లోపు మధ్యరకం, ఆరు దాటితే బరువైనవి. బరువైన వాటికి అనుమతులు, రాడార్‌కు కనిపించే ఏర్పాట్లు, గాలిలోనే దించేసే పద్ధతి వగైరా చాలా షరతులున్నాయి. అందులో నాకు నచ్చిన సూక్ష్మం ఒకటుంది. రెండు కిలోల మూటైనా సరే, చదరపు సెంటీమీటరుకు 13 గ్రాములు మించి గట్టిగా ఉంటే దాన్ని బరువైనదిగానే లెక్కిస్తారు. 230 న్యూటన్ల బలం పెడితే గానీ తెగని తాడు వాడినా అంతే. ఒక్క బరువుతో ముప్పు తేలదని, గట్టిదనమూ తాడూ కూడా చూడాలని ఆ నిబంధన రాసినవాళ్లు గుర్తించారు. మన దేశంలో 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం కూడా, 2025 జనవరి 1న దాని స్థానంలోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియం కూడా, విమానం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో బెలూన్లనూ గాలిపటాలనూ చేర్చాయి. అయితే పిల్లల చేతిలోంచి జారిన బుడగకు ఎత్తు, దారి, యజమాని ఏమీ తెలియవు. గాదంకి బుడగ కంటే అది ఎంతో నిరపాయకరమైనదే అయినా, ఆచూకీ లేకపోవడం వల్ల పైలట్‌ను ఎక్కువ ఉలిక్కిపడేలా చేస్తుంది.

ఒకటి రెండైతే ఉలిక్కిపడటంతో పోతుంది. గుంపుగా వదిలితే అలా కాదు. 1986 సెప్టెంబరు 27న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో విరాళాల సేకరణ కోసం దాదాపు 15 లక్షల బుడగలను ఒక్కసారిగా వదిలారు. వాన, చల్లగాలి ఎదురై అవి పైకి పోలేక ఊరి మీదకే దిగాయి. సరస్సు ఒడ్డున ఉన్న చిన్న విమానాశ్రయంలో రన్‌వేను కాసేపు మూసేయాల్సి వచ్చింది. అదే సమయంలో ఆ సరస్సులో గల్లంతైన ఇద్దరు జాలర్ల కోసం తీర రక్షక దళం వెతుకుతోంది. నీటి మీద తేలే వేల బుడగల్లో మనిషి తల ఏదో బుడగ ఏదో పోల్చుకోలేకపోయారు. వాళ్లిద్దరూ చనిపోయారు. 2025 అక్టోబరులో లిథువేనియాలోని విల్నియస్ విమానాశ్రయం మూతపడింది కూడా బుడగల వల్లే. బెలారస్ నుంచి దొంగ సిగరెట్లు కట్టి వదిలినవవి.

మన దగ్గర కొత్త షోరూమ్ తెరిచినా, కాలేజీ వార్షికోత్సవం జరిగినా, రాజకీయ సభ పెట్టినా వందల బుడగలను గుత్తిగా కట్టి, ఒక్కోసారి బ్యానర్ తగిలించి మరీ వదలడం అలవాటైంది. చప్పట్లు అర నిమిషం. విడి బుడగ పగిలి పోతుంది, గుత్తి మాత్రం కొన్ని పగిలినా మిగతావాటి బలంతో ఏ ఎత్తులోనో మధ్యలో నిలబడిపోతుంది. బ్యానర్ గుడ్డా, దాని కర్రా, నైలాన్ తాడూ కలిస్తే బరువూ గట్టిదనమూ తాడూ మూడూ ఒకేచోట చేరాయన్నమాట. రేణిగుంటకు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు మనది. విమానాలు దిగడానికి బాగా కిందికి వచ్చే చోటు. పసిపిల్ల చేతిలోని ఒక్క బుడగ మీద ఎవరూ ఆంక్షలు పెట్టనక్కర్లేదు, దారం చివర చిన్న బరువు కడితే చాలు, జారినా ఎగరదు. గుత్తులు ఎగరేయడం మాత్రం మానాలని నేను గట్టిగా అంటాను. ఎగరేయకుండా వేదికకు కట్టి ఉంచినా అందంగానే ఉంటాయి.

విమానం దిగే సమయంలో బుడగ ఎదురైతే ఏం చేయాలని నేను అడిగిన ప్రశ్నకు మా అమ్మాయి చెప్పిన జవాబు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది. నేను "పక్కకు తిప్పేయాలి" అని చెబుతుందనుకున్నాను. "అక్కడే పెదనాన్నా చచ్చిపోయేది" అంది. రన్‌వేకు మూడు నాలుగు వందల అడుగుల ఎత్తులో విమానం నిదానంగా వస్తుంటుంది. రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకల్ని ఫ్లాప్స్ అంటారు, అవి దించకపోతే సెస్నా 172 రెక్కలు 48 నాట్ల దగ్గర, అంటే గంటకు దాదాపు 89 కిలోమీటర్ల దగ్గర, మోయడం మానేస్తాయి, దాన్ని స్టాల్ అంటారు. అది పక్కకు ఒరగకుండా తిన్నగా ఎగిరేటప్పటి లెక్క. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు ఒరిగిస్తే అదే స్టాల్ 68 నాట్లకు పెరుగుతుంది. దిగడానికి వచ్చే వేగం కూడా అరవై అయిదు, డెబ్బై నాట్లే. అంటే బుడగను చూసి ఉలిక్కిపడి ఒక్క గుంజు గుంజితే, గాలిలోనే పట్టు తప్పొచ్చు. తేరుకోవడానికి కింద చోటు ఉండదు. అందుకని వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ పిల్లలకు పదేపదే చెప్పేది, చిన్న బుడగను గుద్దినా పరవాలేదు, విమానాన్ని మాత్రం ఎగరనివ్వండి అని. ఎత్తు మీద ఉంటే మెల్లగా పక్కకు జరగొచ్చు. కింద ఉంటే ముక్కు నిలకడగా పట్టుకుని, అక్కరైతే పవర్ పెంచి మళ్లీ పైకి వెళ్లిపోవాలి. తాడుతో, పెట్టెతో ఉన్న పెద్ద బుడగైతే దాని పక్కనుంచే గానీ కిందనుంచి పోకూడదు, వేలాడే తాడు కంటికి కనిపించదు.

ఆ రోజు పుత్తూరు మీద బుడగ తప్పిపోయాక, ఆమె రేడియోలో తిరుపతి టవర్‌కు చెప్పింది. ఎక్కడ, ఎంత ఎత్తు, ఏ రంగు. టవర్ ఆ మాటను వెనకే వస్తున్న హైదరాబాద్ ఏటీఆర్ ప్రయాణికుల విమానానికి అందించింది. రేణిగుంటలో దిగాక ఇన్‌స్ట్రక్టర్ ఇంజిన్ ఆపించి, ప్రొపెల్లర్ రెక్కల అంచు వెంట వేలు పెట్టి కొస దాకా తడిమాడట. తర్వాత వంగి పిటాట్ గొట్టం మూతిలోకి చూశాడు. ఏమీ లేదు. అయినా ఇద్దరూ కలిసి విమానం చుట్టూ ఇంకోసారి తిరిగారు.

"మరి ఆ బుడగ ఏమైందమ్మా?" అని మా అమ్మ అడిగింది.

"తెలీదు అవ్వా. ఏటీఆర్ వాళ్లు వెతికారంట, కనబడలేదన్నారు."